మనిషికొక రికార్డు

మా ఆయన పోయిన ఏడాది ఫోన్లో ఒక సూట్‌కేసు కొన్నాడు. ఆత్మకూరు బజార్లో మాకు మోటారు పంపుల కొట్టు ఉంది. పంపుల కంపెనీవాళ్లు డీలర్లందరినీ రెండు రోజుల మీటింగుకు పిలిచారు. ఇంట్లో ఉన్న సూట్‌కేసుకు జిప్పు ఊడిపోయింది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కొట్లో కూర్చుని ఫోను చూస్తూ, తేనె రంగులో, మూలలకు ఇత్తడి బిళ్లలతో ముద్దుగా ఉన్న పెట్టె ఒకటి కనబడితే ఆర్డరు పెట్టేశాడు. బొమ్మ కింద ఏం రాశారో చూడలేదు. మోటారు మీద రాసింది మాత్రం అద్దాలు పెట్టుకుని చివరి అక్షరం దాకా చదివే మనిషి, మిగతా వస్తువుల మీద రాసిందేదీ చదవడు.

పెట్టె వచ్చింది. అట్టపెట్టె కూడా విప్పకుండా మంచం కిందికి తోశాడు. ప్రయాణం రోజు పొద్దున, ఇస్త్రీ చొక్కాలు పట్టుకుని నేను పక్కన నిలబడి ఉండగా బయటికి తీసి, ముందున్న గడియలు నొక్కి మూత ఎత్తాడు. లోపల ఒక నల్లటి పళ్లెం, దాని పక్కన కొంగ మెడలాంటి సన్నటి కడ్డీ.

"చొక్కాలు ఎక్కడ పెట్టేది?" అన్నాను.

ఆయన కాసేపు ఆ పళ్లేన్ని వేలితో తిప్పి చూశాడు. "ఇందులో ఏందో ఉండాదే" అన్నాడు.

అది రికార్డు ప్లేయరు. పాత కాలపు పెట్టెలా కనబడాలని ఇప్పుడు కొత్తగా చేస్తున్నారట. వెనక్కి పంపే గడువు దాటి నాలుగు రోజులైంది. మా ఆయన బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన చేతిసంచిలో చొక్కాలు పెట్టుకుని మీటింగుకు వెళ్లాడు.

తిరిగొచ్చాక దాన్ని కూడా మోటారు చూసినట్టే చూశాడు. పళ్లెం పక్కన ఒక చిన్న మీట, దాని కింద మూడు అంకెలు.

"ముప్పైమూడు, నలభైఅయిదు, డెబ్బైయెనిమిది. ఏందివి?"

అందులో వచ్చిన కాగితం చదివి, "ఆర్‌పీఎం" అని చెప్పాను.

మా ఆయన అంతగా నవ్వడం నేను చాలా రోజులుగా చూడలేదు. "మన బోరు మోటారు నిమిషానికి రెండువేల ఎనిమిదొందల చుట్లు తిరుగుతాది. ముప్పైమూడుతో నీళ్లు కాదు గదా, గాలి కూడా రాదు" అన్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆ పెట్టె అటక మీదికి పోయి ఉండేది. కానీ కొట్లోకి ఎవరొచ్చినా ఈ సంగతి చెప్పి నవ్వించాడు. మర్రిపాడు నుంచి కాలిపోయిన మోటారు తెచ్చిన రైతులకు, కలిగిరి మెకానిక్కుకు, పక్క కొట్టు సిమెంటు ఆయనకు, అందరికీ తెలిసిపోయింది. వారం తిరిగేసరికి వాళ్లే ఎదురు అడగడం మొదలుపెట్టారు. "ఏం పాట ఏసినావన్నా పెట్టెలో?" అని ఒకరు. "మా మోటారు ఎప్పుడిస్తావు? పాట అయిపోయినాకనా?" అని ఇంకొకరు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ కంచంలోకి చూస్తూ అన్నాడు.

"మూడు రికార్డులు కొందాం. మనిషికొకటి. నాలుగోది అడగొద్దు."

ఇంట్లో ఉండేది ముగ్గురమే. ఆయన, నేను, మా అత్త. మా అత్తకు డెబ్బై దాటాయి. వెంటనే "నాకు దేవుడిది" అని మజ్జిగ పోసుకుంది. మా ఆయన తనకేదైనా పర్లేదన్నాడు. ఆయన పాటలు వినే మనిషి కాదు. కారులో వెళ్తూ ఇంజన్ చప్పుడు వింటాడు.

కష్టమంతా నాకు వచ్చింది. ఇంట్లో పాటల పిచ్చి నాదే. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు ఫోన్లో మొదలుపెడితే రాత్రి గిన్నెలు సర్దేదాకా మోగుతూనే ఉంటుంది. అలాంటిదానికి ఒక్కటే ఎంచుకోమంటే ఎలా? క్యాలెండరు కాగితం వెనక రాయడం మొదలుపెట్టాను. మూడు రోజులకు ముప్పై పాటలయ్యాయి. ఒకటి కొట్టేద్దామని పెన్ను పట్టుకుంటే ఆ పాట అప్పుడే తలలో మోగేది. కొట్టేయకపోగా దాన్ని చూసి గుర్తొచ్చిన ఇంకో రెండు రాసేదాన్ని.

ఫోన్లో వెతికితే కొత్త రికార్డులు దొరుకుతున్నాయి గానీ అన్నీ తెల్లవాళ్ల పాటలు, నాలుగైదు హిందీవి. తెలుగువి లేవు. అప్పుడు గుర్తొచ్చాడు, ఉదయగిరి మైకు సెట్టు చిన్నాయన.

ఉదయగిరి మా పుట్టినూరు. చిన్నాయన మాకు చుట్టం కాడు. మా వీధి చివర ఇల్లు, మా నాయనకు స్నేహితుడు, అందుకని ఆ వరస. ఇటు కలిగిరి, దుత్తలూరు, అటు మర్రిపాడు దాకా ఏ పల్లెలో పెళ్లయినా, తిరునాళ్లయినా ఆయన మైకు సెట్టే. నా పెళ్లికీ ఆయనే పెట్టాడు. ఇప్పుడు ఆ పని మానేసి చాలా కాలమైంది. ఫోన్ చేస్తే, "రికార్డులా? ఉండాయి, రండి. తీరిగ్గా రండి" అన్నాడు. ఆ తీరిగ్గా అన్న మాట మేము పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం కారులో వెళ్లాం. చిన్నాయన బనియనుతో వరండాలో కూర్చుని ఉన్నాడు. అద్దాలకు ఒక పక్క కాడ బదులు దారం. లోపల పిన్నమ్మ, ఆయన భార్య, పాత మైకు బాకా ఒకటి తలకిందులుగా గోనెసంచి మూతిలో దూర్చి, అందులోంచి వేరుశనక్కాయలు పోస్తోంది. బాకా అందుకు చాలా బాగా పనికొచ్చింది. ఒక్క కాయ కింద పడలేదు.

ముందు గదిలో గోడకు గోడంతా చెక్క అరలు. మా ఊళ్లో గరిటెలు చెక్కే ఆయన చేత చేయించినవి. వాటి నిండా రికార్డులు.

"కొనేదానికొచ్చినారా, చూసేదానికొచ్చినారా?" అన్నాడు చిన్నాయన.

"కొనేదానికే చిన్నాయనా."

"అయితే కూర్చోండి. నా దగ్గర కొనాలంటే రికార్డు ఒక పక్క మొత్తం వినాలి. మధ్యలో లేస్తే అమ్మను."

మా ఆయన వాచీ చూసుకున్నాడు. చిన్నాయన అది గమనించి కారణం చెప్పాడు. రెండేళ్ల కిందట నెల్లూరు నుంచి ఎవరో వచ్చి, పాటలంటే ప్రాణమని చెప్పి ఒక కట్ట పట్టుకుపోయాడట. తర్వాత చిన్నాయన మనవడి పుట్టినరోజుకని ఒక హోటలుకు వెళితే, అక్కడ గోడ మీద తన రికార్డు కనబడిందట. నడిమధ్యన ముళ్లు బిగించి గడియారం చేసి పెట్టారట.

"నా పక్కనే కూర్చుని ఇడ్లీ తింటా వుండారు అందరూ. నా రికార్డు ఏమో టైము చెప్తా ఉండాది. పాట పాడేదానికి తెచ్చినా నేను దాన్ని" అన్నాడు. మా ఆయన వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

ముందు మా అత్త వంతు. ఒక్కొక్క అట్టా తీసి, చీర అంచు చూసినట్టు దూరంగా పెట్టి చూసి, పక్కన పెట్టసాగింది. చివరికి అమ్మవారి బొమ్మ ఉన్న అట్ట దొరికింది. కళ్లకద్దుకుంది.

"ఇది చాలు."

"ఏస్తా, ఉండండి చెల్లెమ్మా" అని చిన్నాయన చెయ్యి చాపాడు.

"అమ్మవారి పాటను పరీక్ష చేసేదేందన్నయ్యా? తప్పు గాదా?"

చిన్నాయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. ఆయన నియమానికి ఇంతవరకూ ఇలాంటి చిక్కు రాలేదనుకుంటాను. లోపల్నించి పిన్నమ్మ, కాయలు పోయడం ఆపకుండానే, "ఆమె చెప్పింది నిజమే గదా. ఇచ్చెయ్యి" అంది. ఆయన ఇచ్చేశాడు.

నేను అరల దగ్గర నిలబడి అట్టలు తిరగేస్తున్నాను. ప్రతి అట్ట వెనకా చిన్నాయన నీలం సిరాతో ఏదో ఒకటి రాసిపెట్టుకున్నాడు. "కలిగిరి పెళ్లి. రెండు మార్లు అడిగినారు." "తిరునాళ్ల. వాన." "ఈ పాట ఆడపిల్లను పంపేటప్పుడు వేయొద్దు. పెళ్లికొడుకు నాయన కూడా ఏడ్చినాడు." ఒక దాని వెనక మాత్రం "మంచి పాట. ఎవరూ వినలేదు" అని ఉంది.

నేను అది చదువుతుంటే మా ఆయన వెనక నుంచి, "అది తియ్యి" అన్నాడు. నా చేతిలో ఉన్నది కాదు, దాని వెనకది. పెద్ద అట్ట, మీద మీసాలు మెలితిప్పిన విలను బొమ్మ. మాటల రికార్డు. సినిమా కథంతా మాటలతో సహా అందులో ఉంటుంది. మా చిన్నప్పుడు పెళ్లిళ్లలో ఇవి మైకులో వేస్తే, సినిమా చూడలేని పల్లెల్లో జనం అరుగుల మీద కూర్చుని కథంతా వినేవాళ్లు. మా ఆయనది దుత్తలూరు దగ్గర అలాంటి పల్లె.

"మామా, ఇది ఏస్తారా?" అన్నాడు. పాట కావాలని ఆయన నోట అడగడం పెళ్లయినప్పటి నుంచి నేను వినలేదు. ఇదీ పాట కాదనుకోండి.

చిన్నాయన వేశాడు. ఒక తండ్రి దగ్గుతున్నాడు, ఒక కూతురు ఏడుస్తోంది, తలుపు కిర్రుమంది, విలను వచ్చాడు. మా ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. విలను ఒక నవ్వు నవ్వి, "రేపు" అన్నాడు. అక్కడ సూది ఎగిరి వెనక్కి పడింది. "రేపు" అన్నాడు మళ్లీ. మళ్లీ ఎగిరింది. నాలుగు సార్లు "రేపు" అని, చివరికి "పొద్దున్నే నీ ఇల్లు వేలం" అన్నాడు. ఆ నాలుగు రేపులనూ మా ఆయన విలనుతో పాటు, అదే గొంతుతో, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా అన్నాడు.

మా అత్త కొడుకును పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊరి పిల్లలందరికీ ఈ కథ మొత్తం నోటికి వచ్చట. దాగుడుమూతల్లో దొంగ దొరికితే "రేపు, రేపు, రేపు, రేపు" అనేవాళ్లట. పెద్దయ్యాక ఆత్మకూరులో ఆ పాత సినిమా మళ్లీ ఆడుతుంటే నలుగురు స్నేహితులు కలిసి వెళ్లారట. విలను నవ్వాడు, ఒక్కసారి "రేపు" అన్నాడు, వెళ్లిపోయాడు.

"మూడు రేపులు ఆపరేటరు కత్తిరించినాడని పైకి పొయ్యి గొడవ పెట్టుకున్నాం. ఇంటర్వెల్లో మమ్మల్ని బయటికి గెంటినారు. మిగతా సినిమా ఈ రోజు దాకా చూళ్లేదు" అన్నాడు.

చిన్నాయన ఒళ్లంతా ఊగేట్టు నవ్వాడు. "ఆ గీత ఎట్టా పడిందో తెలుసునా అల్లుడా? మీ ఊరి పెళ్లిలోనే. ఒకాయన పాట మార్చమని వచ్చి, తూలి, సూది మీద చెయ్యేసినాడు. మీ మేనమామ."

అంటే మా అత్త అన్న. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా అత్త అమ్మవారి అట్టను ఒళ్లో సర్దుకుంది.

"మా అన్న తాగడు" అంది.

"ఆ రోజు తాగినాడు చెల్లెమ్మా."

మా అత్త చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రోజు ఎండ శానా ఉండింది" అంది.

చిన్నాయన పై అరలోంచి అలాంటిదే ఇంకో రికార్డు తీశాడు. గీత పడ్డాక కొత్తది కొన్నాడట. దాన్ని తీసుకుని పక్క ఊరి పెళ్లికి వెళితే, విలను ఒక్క రేపుతో సరిపెట్టగానే జనం లేచి, మూడు రేపులు మింగేశావేమని ఆయన మీదికి వచ్చారట. మళ్లీ గీతల రికార్డే పట్టుకెళ్లేవాడట. కొత్తది తళతళలాడుతూ అలాగే ఉంది.

"ఇది తీసుకోండి, శుభ్రంగా ఉండాది" అన్నాను నేను.

"అందులో రేపు ఒకటే గదే" అని మా ఆయన గీతల రికార్డును చంకలో పెట్టుకున్నాడు. కారు ఎక్కేదాకా మళ్లీ దించలేదు.

ఇక నేను మిగిలాను. చిన్నాయన నా కాగితం అడిగి తీసుకుని, అద్దాల దారం చెవి వెనక్కి సర్దుకుని మొత్తం చదివాడు.

"బాగుండాయి పాపా. వీటిల్లో ఏది కడదాకా విన్నావు?"

అన్నీ విన్నానని చెప్పబోయి ఆగిపోయాను. పాట పల్లవి వినగానే ఇంకో పాట గుర్తొచ్చి ఫోన్లో దానికి వెళ్లిపోతాను. ఆ పాట మొదటి చరణంలో ఇంకోటి. ఆలోచిస్తే, ఈ ముప్పైలో చివరి చరణం నాకు వచ్చినవి రెండో మూడో.

"సరే, ఏస్తా విను" అన్నాడు.

ఆయన దగ్గర వాటిల్లో పదిదాకా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. అన్నీ నాకు ఇష్టమైన పాటలే. అయినా కుదురుగా కూర్చోలేకపోయాను. నాలుగో రికార్డు దగ్గర చిన్నాయన నా చేతి వంక చూసి, "ఆ బొటనవేలు ఏంది పాపా అట్టా ఆడతా ఉండాది? నొప్పా?" అన్నాడు. నా బొటనవేలు ఒట్టి గాలిలో, తరువాతి పాటకోసం ఫోను అద్దాన్ని నెట్టినట్టు నెడుతోంది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

పిన్నమ్మ అన్నాలు పెట్టింది. తిని మళ్లీ కూర్చున్నాం. మా అత్త గోడకానుకుని కునుకు తీసింది. మా ఆయన తన రికార్డు అట్ట మీద రాసింది అద్దాలు పెట్టుకుని చదువుతున్నాడు. నేను ఒకటి ఖాయం చేసుకుంటాను, ఇంకోటి వినగానే మారుస్తాను. చిన్నాయన విసుక్కోలేదు. అట్టల గుట్ట మాత్రం నా చుట్టూ పెరిగిపోయింది.

అప్పుడు అడుగు అరలో, తెల్లగుడ్డలో చుట్టి పెట్టిన రికార్డు ఒకటి కనబడింది. విప్పితే వీణ. అట్ట వెనక ఏమీ రాసి లేదు.

"అది ఏ పెళ్లికీ పోలేదు" అన్నాడు చిన్నాయన. "మీ పిన్నమ్మ కోసం మద్రాసులో కొన్నాను. అమ్మేది కాదు. కావాలంటే ఏస్తా, విను."

వేశాడు. మాటలు లేవు, చరణం లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో నాకు తెలియలేదు. సూది చివరి గాడిలో పడి గరగరమని తిరుగుతుంటే గానీ, అయిపోయిందని నాకు తెలియలేదు. నా రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి.

"చిన్నాయనా, ఇదే కావాలి నాకు."

"చెప్పినా గదా పాపా, అది మీ పిన్నమ్మది" అని మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

పాటల పిచ్చి ఉన్న దాన్ని నేనొక్కదాన్నే ఒట్టి చేతులతో కారెక్కాను. దారి పొడుగునా తల్లీ కొడుకూ వాళ్ల రికార్డులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కారు నేనే నడిపాను.

శుక్రవారం పొద్దున మా అత్త తలంటుకుని, పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, హారతి పళ్లెం పట్టుకుని సిద్ధంగా నిలబడింది. నేను అమ్మవారి అట్టలోంచి రికార్డు తీసి పెట్టి, సూది దించాను. ముందు గ్లాసుల గలగల వినిపించింది. తర్వాత డోలక్కు. తర్వాత ఒక ఆడగొంతు వెక్కిళ్లు పెడుతూ, ఎవరినో దగ్గరికి రమ్మని పిలవడం మొదలుపెట్టింది. క్లబ్బు డాన్సు పాట.

నేను బిత్తరపోయి సూది ఎత్తబోయాను. కడ్డీని పైకెత్తే చిన్న మీట ఎటు తిప్పాలో ఆ కంగారులో తోచలేదు. మా ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. మా అత్త చేతిలో కర్పూరం వెలుగుతూనే ఉంది. పాట దానంతట అదే అయిపోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

"అత్తా, లోపల వేరే రికార్డు ఉన్నట్టుంది" అన్నాను.

"నాకు తెలస్తానే ఉండాది" అంది. హారతి పళ్లెం పటాల ముందు పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "రెండో పక్క ఏముండాదో?" అంది.

రెండో పక్క కూడా అలాంటివే. ఫోన్ చేస్తే చిన్నాయన, "ఆ డాన్సు పాటలు అందులో దూరినాయా? ఎన్నేళ్లుగా ఎతుకుతా ఉండాను. పంపించెయ్యి పాపా, అమ్మవారిది ఎతికి ఇస్తా" అన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. "పరీక్ష చెయ్యకుండా తెచ్చుకునింది నేను. ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టేది" అంది. ఒట్టి అట్టను దేవుడి గూట్లో పెట్టింది. రికార్డును మాత్రం శుక్రవారం పూజయ్యాక, కూరగాయలు తరుక్కుంటూ, రెండు పక్కలా వింటుంది. బెండకాయలు ఆ డోలక్కు వరసకే తెగుతాయి. నేను చూస్తే తల ఎత్తదు.

మా ఆయన రికార్డు సంగతి అంతకంటే ముదిరింది. ఊళ్లోని పాత స్నేహితులకు చెప్పాడు. ఆదివారాలు ముగ్గురు నలుగురు రావడం మొదలైంది. అందరూ యాభై దాటినవాళ్లు. హాల్లో బాసింపట్లు వేసుకుని, దగ్గే తండ్రి ఒకరు, ఏడ్చే కూతురు ఒకరు, వరసగా పంచుకుని చెబుతారు. నాలుగు రేపుల దగ్గర అందరూ కలుస్తారు. పై వాటాలోవాళ్లు ఒకసారి దిగొచ్చి, ఎవరి ఇల్లు వేలానికి వచ్చిందని భయంగా అడిగారు.

నా వంతు మాత్రం అలాగే ఉంది. నెల రోజులు ఆగి, ఒక మంగళవారం ఒక్కదాన్నే బస్సెక్కి ఉదయగిరి వెళ్లాను. ఇంకోసారి పాటలు విని ఏదో ఒకటి తేల్చుకోవాలని. చిన్నాయన వరండాలో లేడు. పిన్నమ్మ ఉంది.

"ఏది కావాల పాపా నీకు, మళ్లీ ఇంత దూరం వచ్చినావు?"

"నాకు నచ్చింది నీదే పిన్నమ్మా. చిన్నాయన అమ్మనన్నాడు."

"నాదేంది?"

"వీణ రికార్డు. నీకోసం మద్రాసులో కొన్నాడంట గదా."

పిన్నమ్మ చేట కింద పెట్టింది. "మద్రాసు పోయినప్పుడు నేను కుక్కరు తెమ్మన్నాను. కుక్కరు బదులు ఆ వీణ తెచ్చినాడు. నాకోసమని అందరికీ చెప్పుకుంటాడా? నాకు వీణ ఇంటే నిద్రొస్తాది."

అప్పుడే చిన్నాయన పెరట్లోంచి వచ్చాడు. పిన్నమ్మ లేచి లోపలికి వెళ్లి, గుడ్డ మూట పట్టుకొచ్చింది. "ఇది నాదేనంట గదా?" అంది ఆయనతో.

చిన్నాయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఊరందరికీ చెప్పిన మాట. "నీదే" అన్నాడు.

"నాదైతే ఇచ్చేస్తా ఉండా. తీసకపో పాపా" అని నా సంచిలో పెట్టేసింది.

చిన్నాయన బస్సు టైముందా అని అడిగి, పోయే ముందు ఒకసారి రెండు పక్కలా విని పొమ్మన్నాడు. నేను సంచిలోంచి తీసి ఇస్తే, మెత్తటి గుడ్డతో మెల్లిగా తుడిచి వేశాడు. పిన్నమ్మ మంచం మీద కూర్చుని నాతో కుక్కరు సంగతి చెబుతూ చెబుతూ పక్కకు ఒరిగింది. వీణ ఇంకా సరిగ్గా అందుకోనే లేదు, గురక మొదలైంది.

చిన్నాయన నా దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"నీకు నిజం చెప్తా పాపా. మీ పిన్నమ్మకు కోపం వస్తే మనిషి ఆగదు. పాత సంగతులన్నీ వరసగా తీస్తాది. అప్పుడు ఇది ఏస్తాను. అయిదు నిమిషాల్లో నిద్రపోతాది. లేచేటప్పటికి ఏ సంగతి మీద కోపమో మర్చిపోయి, కాఫీ తాగతావా అంటాది. ఈ కాపురం ఇన్నేళ్లు ఆ వీణ మీదనే నడిచింది."

"అయితే వద్దులే చిన్నాయనా, నువ్వే పెట్టుకో" అన్నాను.

"వద్దంటే ఆమె ఊరుకుంటాదా? ఎందుకియ్యలేదని అడుగుతాది. ఏం చెప్పేది?"

రికార్డు తీసుకుని సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

పదిహేను రోజులు మా ఇంట్లో విన్నాను. పదహారో రోజు చిన్నాయన ఫోన్. ముందు నా క్షేమం, మా అత్త క్షేమం, పెట్టె సూది క్షేమం అడిగాడు. తర్వాత అన్నాడు.

"పాపా, ఆ రికార్డు నాలుగు రోజులు బదులిస్తావా? ఇక్కడ పరిస్థితి ఏం బాగాలేదు."

"ఫోన్లో వీణ పెట్టి చూడు చిన్నాయనా."

"పెట్టినా. మధ్యలో అప్పులిస్తామని ఎవురో అరిచినారు. లేచి కూర్చునింది. లేచి, నువ్వు మీ తమ్ముడికి అప్పిచ్చిన సంగతి ఏమయిందని మొదలుపెట్టింది."

అట్టపెట్టెలో భద్రంగా చుట్టి, ఉదయగిరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. పిన్నమ్మ అడిగితే, మా పెట్టెలో మోత సరిగా రావట్లేదు, ఆయన్ను చూడమన్నానని చెప్పాలని మాట. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. మళ్లీ మూడు వారాలకు వెళ్లింది. ఇప్పుడు కండక్టరు మా కొట్టు ముందు బస్సు ఆపి హారను కొడతాడు. మా ఆయన లేచి వెళ్లి అందుకుంటాడు.

ఈ వారం రికార్డు ఉదయగిరిలోనే ఉంది. పిన్నమ్మ పుట్టింటివాళ్లు ఏదో శుభకార్యానికి ఆలస్యంగా పిలిచారట. ఈసారి పది రోజులైనా పడుతుందని చిన్నాయన చెప్పాడు.